చూడొచ్చు గానీ ముట్టుకోకూడదు

పూర్వం ఓ రాజ్యంలో కాలువ తలుపు విరిగి, వరద ఊరి మీద పడబోయింది. పొద్దుగుంకేలోగా బాగుచెయ్యమని రాజుగారు వడ్రంగం చేసే సూరమ్మను పంపారు. తలుపు కొలతల తాళపత్రాలేమో గ్రంథాధికారి గజపతయ్య గారి దగ్గరున్నాయి. ఆయన పొట్ట గుమ్మం దాటిన అరగంటకు ఆయన దాటేవాడు.

“నువ్వు చూడొచ్చు. ముట్టుకునే అధికారం నా ఒక్కడిదే,” అని రాసి, రాజముద్ర వేయించాడాయన.

“అలాగే బాబయ్యా. నేను చూస్తూ చెక్కుతాను, తమరు పట్టుకోండి,” అంది సూరమ్మ.

రాజముద్రను కాదనలేక గజపతయ్య కాలువలో నడుంలోతు బురదలో నిలబడి ఆకులు తిప్పాడు. మీసాల్లో కప్పలు కాపురం పెట్టాయి. మధ్యాహ్నానికి, “నువ్వే పట్టుకోవే తల్లీ,” అని మొరపెట్టుకున్నాడు.

“ముద్ర పడ్డ మాటను నోటితో కొట్టేస్తే పోతుందా బాబయ్యా? ఆ ఆకు కాస్త పైకెత్తండి.”

తలుపు వేళకే పూర్తయింది. ఆయన్ని బురదలోంచి లాగడానికి మాత్రం రెండు ఏనుగులు కావలసి వచ్చాయి.