పడవలో అద్దాల మేడ

అద్దాల మేడ మీద మనసుపడ్డ రాజుగారిని, పడవెక్కిన దగ్గర్నుంచీ ఊదరగొడుతూనే ఉన్నాడు షావుకారు గవరయ్య.

“అప్పు నేనిస్తాను ప్రభూ. ఏటా కాస్త కాస్త కట్టండి చాలు. మిగతాది వడ్డీతో కలిపి నెమ్మదిగా చూసుకుందాం.”

పడవ నడిపే పైడయ్య అంతా విన్నాడు. వంగి, పడవ అడుగునున్న బిరడా పీకేశాడు. నీళ్లు బుసబుసా పొంగుకొచ్చాయి. అతను మాత్రం కొబ్బరిచిప్పతో తాపీగా తోడిపోస్తూ కూర్చున్నాడు.

“మునిగిపోతాంరా!” కేకపెట్టాడు గవరయ్య.

“కాస్త కాస్త తోడుతున్నాను గదా బాబూ!”

“తోడేదానికంటే వచ్చేదే ఎక్కువరా! ముందు కన్నం మూయి!”

పైడయ్య బిరడా బిగించి రాజుగారికి దణ్ణం పెట్టాడు.

“విన్నారా ప్రభూ? షావుకారుగారి సలహా బంగారం.”

రాజుగారు ఫక్కున నవ్వారు. మేడ ఊసు ఏట్లో కలిసింది. పైడయ్యకి మాత్రం కొత్త పడవ వచ్చింది, రొక్కమిచ్చి కొన్నది.