చౌడప్ప చెప్పులు, పొడుగు గవిలో మేకపిల్ల

అనగా అనగా పెన్నేటి లోయలో ఒక ఊరు. ఆ ఊరికి ఒక పక్క ఏరు, ఇంకో పక్క ఎర్రబండల కొండ. కొండ నిండా గుహలే. వాళ్ళు గుహ అనరు బంగారూ, గవి అంటారు. మనమూ గవి అనే అనుకుందాం. ఊ కొట్టు మరి. నువ్వు ఊ కొట్టకపోతే నేనే ముందు నిద్రపోతాను, కథ దారి మధ్యలో నిలబడిపోతుంది.

ఆ ఊళ్ళో చౌడప్ప అని ఒకాయన ఉండేవాడు. ఏ గవి ఎంత లోతో, ఏది ఎటు తిరుగుతుందో అన్నీ తెలిసిన మనిషని పేరు. ఆ పేరు ఎవరు పెట్టారనుకున్నావు? ఆయనే పెట్టుకున్నాడు.

నిజానికి చౌడప్పకి చీకటంటే భయం. మనం నవ్వకూడదులే, మన ఇంట్లో ఎవరికి లేదు గనక. చీకటి పడ్డాక దొడ్లోకి వెళ్ళాలంటే నేను మీ తాతని తోడు రమ్మనేదాన్ని. తీరా చూస్తే ఆయన నా వెనకాల నడిచేవాడు.

భయం తెలియకుండా ఉండాలని చౌడప్ప గవిలో అడుగు పెట్టగానే గట్టిగా పాట ఎత్తుకునేవాడు. ఆ పాటకి గబ్బిలాలు లేచి పారిపోయేవి. "సూసినారా, నేనంటే ఎంత జడుపో" అనేవాడు. ఆ తర్వాత తనే నవ్వి, "నాకు కాదులేప్పా, నా గొంతుకి" అనేవాడు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. గవిలోకి వెళ్ళేవాళ్ళు చెప్పులు గవి ముందే విడిచి వెళ్ళాలి. చెప్పులున్నాయంటే లోపల మనిషి ఉన్నట్టు. ఆ మనిషి బయటికి వచ్చి వాటిని తొడుక్కునేదాకా, చూసినవాళ్ళు అక్కడినుంచి కదలకూడదు. ఆ చెప్పులు ఇంకెవరూ ముట్టుకోకూడదు.

అప్పుడు ఏమైందంటే, చౌడప్ప కూతురు ఓబుళికి పాప పుట్టింది. ఓబుళికి జ్వరం వచ్చి పాలు ఎండిపోయాయి. ఎండాకాలం కదా, ఊళ్ళో మందలన్నీ మేతకి దూరం వెళ్ళిపోయాయి. ఇంట్లో ఉన్న చుక్కల మేక పాలే పాపకి ఆధారం. ఆ మేక మహా పంతం గలది. తన పిల్ల వచ్చి పొదుగు కుమ్మితే గానీ చేపదు, అంటే పాలు దిగనివ్వదు.

ఒకరోజు పొద్దున్నే ఆ మేకపిల్ల కొండెక్కి తప్పిపోయింది. చౌడప్ప భార్య మద్దిలేటమ్మ చెంబు పట్టుకుని మేక పక్కన ఎంతసేపు కూర్చున్నా చుక్క రాలలేదు. లోపల పాప ఏడుపు.

"కొండంతా నాదే అంటావు గదా, పోయి పిల్లని తీసుకురా" అంది మద్దిలేటమ్మ.

"నేను పోతే గవులే తెచ్చి చేతిలో పెడతాయి."

"ఆ మాటలు ఈడనే పెట్టి పో. కొండెక్కేటప్పుడు బరువు."

చౌడప్ప లాంతరు తీసుకుని బయలుదేరాడు. ముందు నీళ్ళ గవికి వెళ్ళాడు. చెప్పులు విడిచాడు, పాట ఎత్తుకున్నాడు. లోపల పైనుంచి ఒక చల్లటి నీటిచుక్క మెడ మీద పడింది. అంతే, పాట ఆగకుండానే మనిషి బయట ఉన్నాడు. మేకపిల్ల లేదు.

ఆ తర్వాత గబ్బిలాల గవికి వెళ్ళాడు. చెప్పులు విడిచాడు, పాట ఇంకా పెంచాడు. గబ్బిలాలన్నీ ఒక్కసారిగా ఆయన నెత్తి మీదుగా వెళ్ళిపోయాయి. చౌడప్ప తల మీద తువ్వాలు కప్పుకుని కూలబడ్డాడు. అక్కడా పిల్ల లేదు.

ఆ తర్వాత పొడుగు గవికి వెళ్ళాడు. అది మోకాళ్ళ మీద పాకాల్సిన గవి. అక్కడా చెప్పులు విడిచి, గొంతు చించుకుని పాడాడు. పాకాడు, పాడాడు, పాకాడు. చివరికి దూరంగా వెలుగు కనపడింది. ఆ కన్నంలోంచి బయటపడి చూస్తే కొండకి అవతలి పక్క తేలాడు. కింద ఏరు తళతళలాడుతోంది. ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ ఆ చీకట్లో దూరడం ఎందుకని కొండ చుట్టూ తిరిగి నడిచాడు. వట్టి కాళ్ళు, కాలిన బండలు. ఆయన నడక చూస్తే నాట్యం అనుకునేవాళ్ళు.

తీరా పొడుగు గవి దగ్గరికి వచ్చేసరికి అక్కడ జనం. చెప్పుల వైపే చూస్తూ కూర్చున్నారు. మద్దిలేటమ్మ మేకని కూడా తోలుకొచ్చింది. చౌడప్ప వెనకగా వచ్చి నిలబడ్డాడు.

"ఎవరప్పా లోపల?" అని అడిగాడు.

నరసింగప్ప అని ఊరి పెద్దాయన, వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. "చౌడప్ప. ఎప్పుడనగా పోయినాడో."

తన గురించి నాలుగు మంచి మాటలు వినాలనిపించింది చౌడప్పకి. "పాపం, పాట మటుకు బాగా పాడేవాడు గదా."

"అది ఇనపడటం లేదు. ఉన్నంతలో అదొక్కటే సుఖం" అన్నాడు పెద్దాయన.

అప్పుడు మద్దిలేటమ్మ తిరిగి చూసింది. గబగబా కళ్ళు తుడుచుకుంది. "పిల్ల యాడ?" అంది.

"కనపడలేదే" అన్నాడు చౌడప్ప. తల వంచుకుని చెప్పుల కేసి నడిచాడు.

పెద్దాయన కర్ర అడ్డం పెట్టాడు. "ఆగు. లోపలికి పోయినోడు లోపల్నుంచి రావాల."

"నేనే గదా తాతా, నీ ఎదురుగానే ఉండా."

"నువ్వు ఈడున్నావు, ఒప్పుకుంటా. చెప్పులు మాత్రం నువ్వు లోపల ఉండావంటాండాయి. ఈపొద్దు నీకు ఇడిస్తే, రేపు ఇంకోడొచ్చి నావే అని తొడుక్కుని పోతాడు. లోపల మనిషి లోపలే ఉంటాడు. అప్పుడెవరు కాచుకోని కూసుంటారు?"

ముందునుంచి దూరదామంటే విడవడానికి కాళ్ళకి చెప్పులు లేవు. చౌడప్ప మళ్ళీ కొండ చుట్టూ గెంతుకుంటూ వెళ్ళి, వెనక కన్నంలోంచి గవిలోకి దూరాడు.

పాట ఎత్తుకుందామని నోరు తెరిచాడు. గొంతు రాలేదు. మూడు గవులకీ పాడి పాడి ఆరిపోయింది. భయం భయంగా, నోరు మూసుకుని పాకాడు. ముందు తన ఊపిరి వినపడింది. తర్వాత దూరంగా, గవి ముందు నిలబడి తల్లిమేక అరుస్తున్న అరుపు వినపడింది. ఆ తర్వాత, చేతికి అందేంత దగ్గర్లో, సన్నగా ఒక "మే" వినపడింది.

లాంతరు పక్కకి తిప్పితే, బండల సందులో కాలు ఇరుక్కుని మేకపిల్ల. పొద్దున కూడా అది అక్కడే ఉంది, అరుస్తూనే ఉంది. ఈయన పాట ముందు దాని అరుపు ఎంత?

చౌడప్ప నెమ్మదిగా దాని కాలు విడిపించి, తువ్వాల్లో కట్టుకుని, గవి ముందు వైపునుంచి బయటికి వచ్చాడు. చెప్పులు తొడుక్కున్నాడు. అప్పుడు జనమంతా లేచారు.

"ఇదిగో, ఇప్పుడు వచ్చినాడు చౌడప్ప" అన్నాడు పెద్దాయన.

పిల్ల వెళ్ళి పొదుగు కుమ్మింది. మేక చేపింది. మద్దిలేటమ్మ అక్కడే చెంబు నిండా పితికి, ఒలక్కుండా ఇంటికి తీసుకుపోయింది. కాచి చల్లార్చి పడితే పాప గుటకలు వేసి తాగింది. కడుపు నిండింది, ఏడుపు ఆగింది.

ఆ సాయంత్రం మద్దిలేటమ్మ చౌడప్ప అరికాళ్ళకి ఆముదం రాస్తూ, "రేపు ఏ గవికి?" అని అడిగింది.

"రేపు మంచం దిగితే చూద్దాంలే" అన్నాడు చౌడప్ప.

పాప నిద్రపోయింది. పాపని చూసి ఓబుళి నిద్రపోయింది. తల్లి పొట్టకి ఆనుకుని మేకపిల్ల నిద్రపోయింది.

కథేమో కంచి బాట పట్టింది,
కునుకొచ్చి మనింటి తలుపు తట్టింది.