అందుగులమ్మ తొలి తైలం

నల్లమల అంచున ఉన్న అందుగులకోనకు వచ్చే భక్తులకు కొండ దిగువనే సువాసన ఎదురొస్తుంది. అందుగు చెట్టు బెరడు నుంచి కారే బంకను ఇక్కడ నువ్వుల నూనెలో కాచి తైలం తీస్తారు. మోకాళ్ల నొప్పులకు, రొమ్ము పడిశానికి ఇదే మందు. తలగడపై రెండు చుక్కలు చల్లుకుంటే మనసు కుదుటపడి నిద్ర పడుతుందని పెద్దల మాట. ఇంత మంచి తైలం మరో కొండ మీద దొరకదు. మా గొప్ప మేము చెప్పుకుంటున్నామనుకుంటే, ఒకసారి వాసన చూసి మీరే చెప్పండి.

పూర్వం ఇక్కడ ఈదన్న అనే చెంచు పెద్ద ఉండేవాడు. ఏటా మార్గశిర పౌర్ణమి నాడు అమ్మవారి శిలకు నిలువెల్లా తైలం పూయడం అతని వంతు. పూత తప్పితే మరుసటి ఏడు చెట్లు బంక ఇవ్వవని గూడెమంతా నమ్మేది. ఆ బంకే వారి బతుకు. ఒక ఏడు వానలు లేక అందరి బంకా కలిపి కాచినా ఒక్క గిన్నె తైలమే వచ్చింది.

పూతకు బయలుదేరిన ఉదయమే, మేకల మందతో పోతున్న ఎర్రక్క అనే గొల్ల ఇల్లాలు దారిలో ప్రసవించింది. బిడ్డ ఏడవలేదు. ఒళ్లు చల్లబడిపోతోంది. ఈదన్న గిన్నె మూత తీయబోతే గూడెం వారు అడ్డుపడ్డారు. పరాయి బిడ్డ కోసం మన పొయ్యిలు ఆర్పుతావా అని నిలదీశారు. అతడు వారిని తప్పించుకుని మూత తీశాడు. తైలం వెచ్చచేసి బిడ్డ రొమ్ముకు, వీపుకు రుద్దుతూనే ఉన్నాడు. గిన్నె ఖాళీ అయ్యేసరికి బిడ్డ కేరుమంది.

తల్లీబిడ్డలను సాగనంపాక ఈదన్నకు భయం పట్టుకుంది. ఒట్టి గిన్నెతో శిల ముందు కూర్చుని ఏడ్చాడు. మధ్యాహ్నపు ఎండకు కునుకు పట్టగా అమ్మవారు చెంచు ముసలమ్మ రూపంలో కలలో కనిపించింది.

"ఏం ఈదన్నా, మొగం అట్ల పెట్టినావు? నేను రాయిని, చలికి ఓర్చుకుంటా. పసిగుడ్డు ఓర్చుకుంటదా? ఇగనుంచి ముందు దానికి పూయి. మిగిల్తే నాకు పూయి."

మెలకువ వచ్చి చూస్తే, గాటు పెట్టని చెట్లు కూడా బంక కారుస్తున్నాయి. అడ్డుపడినవారే బుట్టలు పట్టుకుని పరుగెత్తారు.

ఆనాటి నుంచి ఇక్కడ తొలి తైలం బాలింతలకు, పసిబిడ్డలకే. ఏ ఊరు, ఏ కులం అని అడగరు. ఆ తైలం అంటిన బిడ్డకు ఏడాదంతా జలుబు చేయదని భక్తుల నమ్మకం. కిందటి పౌర్ణమికి నలభై ఆరుగురు తల్లులు వచ్చారు. చుక్క మిగల్లేదు. ఈదన్న వంశీకుడైన పూజారి బయన్న పొడి శిలకే పసుపు అద్ది, "ఈయేడు అమ్మ కడుపు నిండింది" అంటూ హారతి ఇచ్చాడు.