నాయినంత చంద్రుడు

వెంకోబ సారును ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగిందంతా విని, కళ్లద్దాలు తుడుచుకొని, చెప్పులు తొడుక్కుంటారు. ఇక అడిగినవాళ్లు ఆయన వెంట నడవాల్సిందే. బస్టాండు ఎదురుగా ఉన్న ఆయన స్టూడియోలో కెమెరా పట్టడం నేర్చినవాళ్లంతా అట్లా నడిచి నేర్చినవాళ్లే.

ఒక మధ్యాహ్నం శిష్యురాలు రవళి రొప్పుకుంటూ వచ్చి గడపలోనే నిలబడి అడిగింది.

"సారూ, కంటికి తాంబాళమంత కనిపించే చంద్రుడు నా కెమెరాల పడంగనే నువ్వుగింజ ఎందుకైతడు? అబద్ధం ఎవరిది? నా కంటిదా, కెమెరాదా?"

సారు కళ్లద్దాలు తీశారు. ఆయన చెప్పుల వైపు చూడకముందే రవళి మిగతాది కూడా చెప్పేసింది.

"మీ పెద్ద లెన్సు ఈ ఒక్క పూటకు ఇయ్యుండ్రి సారూ. ఈ పొద్దు దాటితే మళ్ల లేదు."

ఈ పొద్దు దాటితే లేదన్నది ఊరికే అన్న మాట కాదు. రవళి వాళ్ల నాయిన నర్సాగౌడ్ కల్లు కోసం తాటిచెట్లు గీసేవాడు. రెండేళ్లుగా మోకాలు ఆయన మాట వినడం లేదు. మొన్న చెట్టు మీద కాలు పట్టు తప్పినంత పనైతే, భార్య సత్తెమ్మ ఏడ్చి, తిట్టి, అన్నం మానేసి, చివరికి ఒట్టు వేయించుకుంది. రేపు కాముని పున్నమి. పొద్దున్నే ఎల్లమ్మ తల్లి ముందు చెట్టెక్కే మోకు పెట్టేస్తానని ఆయన మాట ఇచ్చాడు. అంటే ఈ సాయంత్రం ఎక్కేదే ఆఖరి ఎక్కడం.

రవళికి చిన్నప్పటి నుంచీ ఒకటే బొమ్మ కళ్లల్లో ఉంది. సాయంత్రాలు చెట్టు మొదట్లో కూర్చొని నాయిన కోసం ఎదురుచూసేది. ఆయన దిగి ఇంటిదారి పట్టాక తాటాకుల సందున చంద్రుడు వేలాడుతూ ఉండేవాడు. పైకెక్కి కల్లు లొట్టి కట్టి వచ్చినట్టే, చంద్రుణ్ణి కూడా రోజూ నాయినే కట్టి వస్తాడని ఆ పిల్ల నమ్మింది, నాయినతోనూ అదే అనేది. పెద్దదయ్యాక నమ్మకం పోయింది గానీ బొమ్మ పోలేదు. కెమెరా చేతికొచ్చిన రోజు నుంచి ఆ బొమ్మనే తీయాలని తిరుగుతోంది. చెట్టు మీద నాయిన, వెనకాల నిండు చంద్రుడు.

పోయిన పున్నములన్నీ అట్లాగే గడిచాయి. చెట్టు కిందికి వెళ్లి తల ఎత్తి, చంద్రుడు నాయిన దగ్గరికి వచ్చేదాకా కాచుకునేది. అంత పైకి వచ్చేసరికి చీకటి పడేది. నాయిన కనిపించేలా తీస్తే చంద్రుడు వెలిగే బల్బులా తెల్లగా పాలిపోయేవాడు. చంద్రుణ్ణి సరిచేస్తే నాయిన చీకట్లో కలిసిపోయేవాడు. ఎట్లా తీసినా చంద్రుడు మాత్రం నువ్వుగింజే.

"నన్నెందుకే బిడ్డా, ఆయన్నే దియ్యి. నాకన్న పైకెక్కిండు," అని నర్సాగౌడ్ చెట్టు మీది నుంచే నవ్వేవాడు.

వెంకోబ సారు చెప్పులు తొడుక్కున్నారు. పెద్ద లెన్సు ఉన్న బీరువా వైపు చూడను కూడా చూడలేదు.

"నీ కెమెరాల జూమ్ ఉన్నది గద?"

"ఉన్నది సారూ. దగ్గర్నే ఉండి తీసెటప్పుడు జూమ్‌తోని ఏం పని?"

"పద," అన్నారు.

వాళ్లు మిట్ట మీది తాటిచెట్టు దగ్గరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. కింద మండువలో కల్లు తాగేవాళ్లు కూడారు. ఆఖరిసారి ఎక్కుతున్నాడని ఆ రోజు మామూలుకంటే ఎక్కువమంది వచ్చారు. సత్తెమ్మ కొంగు నోట్లో కుక్కుకొని పైకే చూస్తోంది. నర్సాగౌడ్ నడుముకు మోకు బిగించి, ఆగి ఆగి ఎక్కుతున్నాడు.

రవళి గబగబా చెట్టు మొదట్లో స్టాండు నిలబెట్టి తల ఎత్తింది. నాయిన ఆకాశంలో ఉన్నాడు. చంద్రుడేమో అప్పుడే తూర్పున పొలాల మీద తేలాడు. ఒకరు పైన, ఒకరు కింద. ఇద్దరినీ ఒక్క బొమ్మలో పట్టే దారే లేదు.

"చూసిండ్రా సారూ? చంద్రుడు పైకొచ్చేసరికి మళ్ల చీకటి పడ్తది!"

సారు అప్పటికే చెట్టుకు వీపు తిప్పి పడమటికి నడుస్తున్నారు.

"సారూ! ఎటు?"

"రా."

కోసిన కందిచేలో కొయ్యకాళ్లు గుచ్చుకుంటున్నాయి. రవళికి కోపం ముంచుకొచ్చింది. ఆఖరి సాయంత్రం, నాయిన అక్కడ, తనిక్కడ! స్టాండు కూడా చెట్టు కిందే ఉండిపోయింది. గట్టు దాటాక వెనక్కి తిరిగి చూసింది. నాయిన జానెడంత అయ్యాడు.

"ఇంక దూరం పోతే నాయిన చీమంత అయితడు సారూ!" ఆమె నడక ఆపింది. "నేను ఆయన్ను దగ్గర్నించి చూడాలె. ఇట్ల ఇడిసిపెట్టి పోవుడేంది?"

"ఇంకొంచెం," అన్నారు సారు.

వాగు ఒడ్డున ఆగారు. రవళి కన్నీళ్లు తుడుచుకొని మళ్లీ తిరిగింది. తిరిగి, అట్లాగే నిలబడిపోయింది.

ఆమె దూరం జరిగేకొద్దీ నాయిన ఆకాశంలోంచి దిగివచ్చాడు. ఆయన కోసమే అన్నట్టు చంద్రుడు పొలాల మీది నుంచి లేచివచ్చాడు. నాయిన చిన్నవాడయ్యాడు గానీ, చంద్రుడు ఒక్క పిసరు కూడా తగ్గలేదు. ఇద్దరి మధ్యా ఇంకా రెండు తాటాకుల సందే మిగిలింది.

రవళి జూమ్‌ను చివరిదాకా లాగింది. కెమెరా తెర అంతా బంగారు రంగు. వాలిపోయే ఎండ ఆమె వీపు మీదుగా వెళ్లి నాయిన మీద పడుతోంది. అదే ఎండ చంద్రుడి మీదా పడుతోంది. ఇద్దరిదీ ఒకే వెలుగు. వెలిగే బల్బూ లేదు, చీకటీ లేదు. ఆమె ఇసుకలో అడుగు అడుగుగా ఎడమకు జరిగింది. చంద్రుడు తాటాకులు దాటాడు, లొట్టి దాటాడు, నాయిన భుజం వెనక్కి వచ్చాడు.

కానీ బొమ్మ కుదురుగా లేదు. అంత దూరం లాగిన జూమ్‌లో ఆమె ఊపిరి కూడా భూకంపమే.

"సారూ, స్టాండు అక్కడే ఉండిపాయె!"

వెంకోబ సారు వాగు ఇసుకలో ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చొని భుజం చూపించారు.

"పెట్టు. ఊపిరి పట్టుకుంట. తియ్యి."

రవళి గురువు భుజం మీద కెమెరా ఆనించింది. సరిగ్గా అప్పుడే నర్సాగౌడ్ ఆఖరి లొట్టి విప్పి నడుముకు తగిలించుకున్నాడు. వెంటనే దిగలేదు. రెండు చేతులూ వదిలేసి, మోకు మీద బరువు వేసి వెనక్కి వాలాడు. ఇన్నేళ్లూ తనను మోసిన చెట్టును తీరిగ్గా ఒకసారి చూసుకున్నాడు. తెరలో మాత్రం ఆయన చంద్రుడికి వీపు ఆనించి కూర్చున్నాడు. తలా కాళ్లూ ఆ గుండ్రంలోనే ఉన్నాయి. నాయినంత చంద్రుడు. చంద్రుడంత నాయిన.

క్లిక్కుమంది.

"వచ్చిండు సారూ! వచ్చిండు!" రవళి అరుపుకు వాగులో కొంగలు లేచాయి. కెమెరాను గుండెకు హత్తుకొని కొయ్యకాళ్లు లెక్కచేయకుండా పరుగెత్తింది.

నర్సాగౌడ్ కాలు నేలను తాకేసరికి కెమెరా మండువలో చేతులు మారుతోంది.

"ఓ గౌడా! చంద్రునికి గూడ ఒక లొట్టి పోసినవా ఏంది? గింత ఎర్రగయిండు!"

"పోస్తే మనకేం మిగులుతుండె? నువ్వు జరుగు, నన్ను చూడనియ్యి!"

సత్తెమ్మ తెరను కొంగుతో తుడిచి తుడిచి చూసింది. ఒట్టు పెట్టించుకున్న మనిషే మొగుడి వంక కొత్తగా చూసి, "గింత పైకి ఎక్కెటోనివా నువ్వు?" అంది. నర్సాగౌడ్ మోకు విప్పి భుజాన వేసుకుంటూ కూతురి వైపు కన్నుగీటాడు. "మరి రోజూ చంద్రుణ్ణి కట్టొచ్చింది ఎవరనుకున్నవు బిడ్డా?"

మండువంతా ఘొల్లున నవ్వింది. ఎవరో ఈల వేశారు. రేపు దించాల్సిన మోకు ఆ సాయంత్రం ఆయన భుజం మీద పట్టువస్త్రంలా ఉంది.

వెంకోబ సారు మెల్లగా నడిచి వచ్చి ప్యాంటుకు అంటిన ఇసుక దులుపుకుంటున్నారు. రవళి ఆయన దగ్గరికి వెళ్లింది. ఆమె కళ్లు ఇంకా మెరుస్తున్నాయి.

"ఇన్ని పున్నములు నాకు ఎందుకు దొరకలేదు సారూ? ఆ చంద్రుడే, ఆ నాయినే, ఈ కెమెరానే గద!"

సారు కళ్లద్దాలు తీసి తుడిచారు. ఈసారి మాత్రం నడవలేదు.

"మీ నాయిన ఎప్పుడూ అంతనే ఉండె బిడ్డా," అన్నారు. "నువ్వే చెట్టు కింద నిలబడితివి."