చిక్కుడాకుల మీద చుక్కలు

మా మేనత్త కామేశ్వరి చిదంబరమ్మగారి ఆశ్రమంలో ఉన్ననాటి మాట ఇది. ఎన్నిసార్లు చెప్పినా ఈ చిక్కుడు మడి సంగతికొచ్చేసరికి అత్తయ్య గొంతు తగ్గేది.

ఆశ్రమం బైపాస్ రోడ్డు పక్కనే. చిక్కుడు మడి ఒకటి అత్తయ్యది, పక్కది ఆశ్రమంలోనే ఉండే నూకరత్నంది. ఆ వేసవిలో అత్తయ్య మడిలో ఆకుల నిండా గోధుమరంగు చుక్కలు లేచాయి. నూకరత్నం మడి మాత్రం పచ్చగా ఉంది.

"మిట్టమధ్యాహ్నం కూడా మొక్కలకి అభిషేకం చేత్తావు కదా, సామికి జలుబు చేసుంటది," అని నవ్విందట నూకరత్నం.

అత్తయ్య తిన్నగా గురువుగారి దగ్గరకు వెళ్ళింది. "అమ్మగారూ, అది నా మొక్కల మీద ఏదో చల్లింది. ఇక్కడ అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

సన్యాసం పుచ్చుకోకముందు చిదంబరమ్మగారు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. ఆవిడ మందలించలేదు. నూకరత్నం మడిలోంచి మచ్చలేని మొక్కలు రెండు మట్టితో సహా తీసి కుండీల్లో నాటారు. అవి నిలదొక్కుకున్నాక రోడ్డు వైపు పెట్టించారు.

"ఈ కుండీకి నీ అలవాటు ప్రకారం నీళ్ళు పొయ్యి. దానికి మాత్రం నూకరత్నంలా పొద్దున్న ఒక్క చెంబే. రెండూ నీ కాపలాలోనే ఉంటాయి."

వారం తిరక్కుండా, అత్తయ్య మధ్యాహ్నాలు తడిపిన మొక్కకే చుక్కలు లేచాయి. రెండోది కాస్త వాడింది గాని మచ్చ లేదు.

"నా చేతి నీళ్ళేనా అమ్మగారూ?"

"నీళ్ళ తప్పేముంది? ఎండకి బండ్ల పొగలోంచి ఓజోన్ అనే విషవాయువు పుడుతుంది. దాహంగా ఉన్న ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. కడుపునిండా తాగిన ఆకు తెరుచుకుని పీల్చేసింది."

"అయితే ఆ గాలే చంపిందా?"

"గాలి గిల్లింది, అంతే. తెగులేదో లోపలికి దూరిందనుకుని ఆకు తన కణాలను తనే చంపుకుంది. నువ్వు చూస్తున్న చుక్కలు అవే."

అత్తయ్య కుండీ ముందు కూర్చుని చుక్కలున్న ఆకును తిప్పి చూసింది.

"లోపలికి ఎవరూ రాకుండానేనా అమ్మగారూ?"

"ఎవరూ రాకుండానే."

పెరట్లో నూకరత్నం తడి చీర ఒక్కతే పిండుకుంటోంది. అత్తయ్య లేచి వెళ్ళి రెండో కొస పట్టుకుంది.