వీధి మొగలో అన్నం

అనగనగా, సముద్రం హోరు వినపడేంత దగ్గర్లో ఒక ఊరుందర్రా. గుల్లలు ఏరుకొచ్చి, బట్టీలో కాల్చి సున్నం చేసేవాళ్ళ వీధి ఒకటుంది ఆ ఊళ్ళో. ఆ వీధిలో సన్యాసమ్మ అని ఒక కోడలు. ఊ కొట్టండి మరి, మీరు ఊ అనకపోతే నేనెవరికి చెప్పుకోవాలి?

సన్యాసమ్మ మొగుడు అప్పలస్వామి. వాడు పెళ్ళాన్ని కొట్టేవాడు. కూరలో ఉప్పు వేస్తే ఎక్కువైందని కొట్టేవాడు, తగ్గిస్తే చప్పగా ఉందని కొట్టేవాడు. మాట్లాడితే నోరెక్కువంటాడు, మాట్లాడకపోతే పొగరంటాడు. వాడి తల్లి సూరమ్మ అదే ఇంట్లో ఉండేది. అన్నీ చూసేది, పెదవి విప్పేది కాదు.

ఒకరోజు పొద్దున్నే వాడు సన్యాసమ్మని జుట్టు పట్టి ఈడ్చి, పిల్లలతో సహా వీధిలోకి గెంటి గడియ పెట్టేశాడు. జనం పోగయ్యారు. పుట్టింటికి పోవే తల్లీ అన్నారు కొందరు. వాడి కాళ్ళు పట్టుకోవే అన్నారు కొందరు. ఆవిడ పుట్టింటికీ పోలేదు, కాళ్ళూ పట్టుకోలేదు. పెదవి మీది నెత్తురు తుడుచుకోకుండా, పిల్లల చేతులు పట్టుకుని, తిన్నగా రాజుగారి సభకి నడిచింది.

అప్పలస్వామిని పిలిపించారు. అది మా తాత కట్టిన ఇల్లు, నాకిష్టమైనవాళ్ళే ఉంటారు అన్నాడు వాడు. మంత్రి అవునవునని తలూపి, ఇల్లు మొగుడిదే కదమ్మా, నీకు ఊరవతల గుడిసె వేయిస్తాం, హాయిగా ఉండు అన్నాడు. వినడానికి బాగానే ఉంది కదూ? సన్యాసమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

“ఇల్లు నాకిచ్చెయ్యమని అడగట్లేదు బాబూ. కాపరానికొచ్చిన ఇల్లది, నా పిల్లలు పుట్టిన ఇల్లు. అందులో భయం లేకుండా బతకనివ్వండి. కొట్టినవాడు ఇంట్లోనూ, దెబ్బలు తిన్నది ఊరవతలానా?”

మంత్రి తల దించుకున్నాడు. రాజు తీర్పు చెప్పాడు: ఇల్లు ఎవరిదైనా కానీ, ఈవిణ్ణి అందులోంచి కదపడానికి వీల్లేదు. అప్పలస్వామి ఈవిడ మీద చెయ్యెత్తకూడదు, బెదిరించకూడదు, ఈవిడ సరేననేదాకా ఆ వీధిలో అడుగుపెట్టకూడదు. పెడితే చెరసాలే. ఊరంతా దండోరా వేయించారు.

కొరడా దెబ్బలు కొట్టించలేదా అంటావేంట్రా? లేదు. దూరంగా ఉండమన్నాడు, అంతే. కానీ రాజు వచ్చి గుమ్మం ముందు కాపలా కూర్చోడు కదా! గడియ వేసుకున్నా, బయట అడుగుల చప్పుడైతే చాలు, సన్యాసమ్మ ఉలిక్కిపడేది.

అనుకున్నంతా అయింది. ఒక మధ్యాహ్నం అప్పలస్వామి, వీధిలోకి తిరిగే చోట, ఆ మొగలోనే నిలబడి, “అమ్మా, ఆకలేస్తోందే! నన్ను రానియ్యవే!” అని ఏడవడం మొదలెట్టాడు. సూరమ్మ చటుక్కున లేచింది. కన్నతల్లి కదా, కొడుకుని ఇంట్లోకి తీసుకొచ్చేస్తుందనుకుంది సన్యాసమ్మ. రోకలి చేతబట్టుకుని గుమ్మంలో నిలబడింది.

సూరమ్మ గిన్నెలో అన్నం, చేపల పులుసు పెట్టుకుని వెళ్ళింది. వాణ్ణి అక్కడే కూర్చోబెట్టి, కడుపునిండా తినిపించింది. తిన్నాక వాడు లేచి ఇంటివైపు కదిలాడు. ముసలావిడ రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడిపోయింది.

“వెనక్కి పో నాయనా. ఆకలేసినప్పుడల్లా ఇక్కడే పెడతాను. ఒక్క అడుగు ముందుకేశావో, భటుల్ని పిలిచేది నేనే. మీ నాన్న నన్ను కొట్టినన్నాళ్ళూ నాకోసం ఇలా ఎవరూ నిలబడలేదురా.”

వీధిలోవాళ్ళంతా బయటికొచ్చి ఆవిడ వెనకాల నిలబడ్డారు. వాడు అటూ ఇటూ చూసి, వెనక్కి తిరిగిపోయాడు. సూరమ్మ ఇంటికొచ్చి, కూలబడి, వెక్కివెక్కి ఏడ్చింది. కన్నకొడుకు మరి! సన్యాసమ్మ రోకలి పక్కన పడేసి, అత్తగారి తల ఒళ్ళో పెట్టుకుంది.

వాడు మారాడా అంటే, నాకు తెలీదమ్మా. ఎక్కడో ఉప్పు పండించే కొఠార్లలో పనికి కుదిరాడని చెప్పుకున్నారు. సన్యాసమ్మ మాత్రం ఆ ఇంట్లోనే పిల్లల్ని పెంచింది, అత్తగారితో కలిసి నవ్వుతూ సున్నం అమ్మింది, ఆ ఇంట్లోనే జుట్టు నెరిసింది.

మీరూ పెద్దవాళ్ళై ఇళ్ళు కడతారు. మీ అడుగుల చప్పుడు విని మీ ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడకూడదర్రా. అంతే నేను చెప్పేది.

కథ కంచి దారి పట్టింది. మనం దుప్పట్లోకి దూరదాం.