కప్పలకు సంబంధం, గొట్టానికి మాటు

గుంటలోని గుర్రమ్మా, గొంతు విప్పవే
పెళ్లికొడుకు వచ్చాడు, పీట వెయ్యవే…

ఆ తర్వాత పసుపు గురించి ఏదో వస్తుంది. ఆపైన బెకబెక అని వస్తుంది. మధ్యలో రెండు చరణాలు ఎక్కడో దారిలో కారిపోయాయి. చిన్నప్పుడు వానలు మొహం చాటేస్తే మేం ఆడపిల్లలం కప్పకు పెళ్లి చేస్తూ పాడిన పాట ఇది. ఓ రోజు వీధి కుళాయి దగ్గర దీన్నే కూనిరాగం తీస్తుంటే నా వెనక బిందె పెట్టుకుని నిలబడ్డ లింగమ్మక్క నవ్వింది. "కప్పల పెళ్లితో వాన వస్తుందో రాదో గానీ, కుళాయిలో నీళ్లు మాత్రం వస్తాయే" అంది. నా జుట్టు నెరిశాక నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే, ఆ కుళాయి గట్టు మీదే, తడి వేలితో. అక్కడే చెప్పింది ఈ కథ కూడా. రాయడం వచ్చింది కదా, రాసి పెడుతున్నాను.

కొండ కింద పొదలపట్నం అని జంతువుల పట్నం ఒకటి. పట్నమంటే పట్నమే. వీధులు, అరుగులు, శుక్రవారం సంత, ఎత్తైన పంచాయితీ బండ, అన్నీ ఉన్నాయి. కొండ మీది ఊట నీళ్లు నేల కింద వెదురు గొట్టాల్లో నడిచి వచ్చేవి. గొట్టానికీ గొట్టానికీ మధ్య అతుకు దగ్గర నార చుట్టి లక్క పూసేవారు. వీధికో కుళాయి. నీళ్లు అంత చీకట్లో దారి తెలుసుకుని ఇంటి ముందుకు ఎలా వస్తాయో నాకిప్పటికీ వింతే.

ఆ ఎండాకాలం మాత్రం చివరి వీధికి రావడం మానేశాయి. కుళాయి తిప్పితే ముందు గాలి వచ్చేది, తర్వాత తుమ్ములాంటి చప్పుడొకటి, ఆ తర్వాత ఒక చీమ.

ఆ చివరి వీధిలోనే ఉంది గాడిద మూటమ్మ. కొత్తగా ఈనింది. పిల్లకు ఇంకా కాళ్లు నిలవడం లేదు, నిలబడితే నాలుగూ నాలుగు దిక్కులకు పోతున్నాయి. దానికి పాలు పడాలంటే తల్లి కడుపులో నీళ్లు పడాలి.

పంచాయితీ కూడింది. పెద్దాయన ఏనుగు బండ మీద కూర్చున్నాడు. నీళ్ల మేస్త్రి నక్క నంగన్న తోక దులిపి లేచాడు.

"ఊట సన్నబడిందయ్యగారూ. ఉన్న నీళ్లు పట్నానికి చాలాలంటే చివరి వీధి కుళాయి పీకేయాలి. వాళ్లు ఏటి ఒడ్డుకు పోతారు."

"నంగన్నా, పసిబిడ్డను పెట్టుకుని అంత దూరం ఎలా పోను? దానికి నడకే రాలేదు" అంది మూటమ్మ.

"మోయడం నీకు కొత్తా?" అన్నాడు నంగన్న.

పందికొక్కు ఒకటి గొంతు సవరించుకుంది. "ఊట నిండుగానే ఉందయ్యగారూ, నేను చూసొచ్చాను. నీళ్లు దారిలో ఎక్కడో కారిపోతున్నాయి. ఎక్కడో చెప్తే తవ్వుతాం."

"ఎక్కడో చెప్తే నేనూ తవ్వుతాను. పట్నమంతా తవ్వి చూడు, పూర్తయ్యేసరికి వానలొస్తాయి" అన్నాడు నక్క.

ఏనుగు చాలాసేపు చెవులు విసురుకున్నాడు. "వచ్చే సంత నాటికి కారే చోటు తెలిస్తే సరి. లేదంటే చివరి వీధి కుళాయి తీసేద్దాం" అని తీర్పు చెప్పాడు.

కారే చోట్లు తెలిసినవాళ్లు లేక కాదు. కప్పలకు తెలుసు. ఆ తడిలోనే వాళ్ల కాపురాలు. మామూలుగా అయితే తడి ఉన్నచోట కప్ప నోరు ఆగదు, ఆ అరుపును బట్టి చోటు తెలిసిపోతుంది. కానీ నంగన్న ముందే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. "నోరు విప్పారో, కారే అతుకులకు మాటు వేసి మూసేస్తారు. మీ ఇళ్లు ఎండిపోతాయి." అంతే, పట్నంలో ఒక్క కప్పా బెకమనలేదు. పందికొక్కులు వెళ్లి అడిగితే, "నీళ్లా? అవి ఎలా ఉంటాయి?" అని కళ్లు తేలేశాయి.

మూటమ్మ ఇంటి ముందు ఖాళీ తొట్టి దగ్గర దిగాలుగా కూర్చుంది. అటుగా తాబేలు పేరమ్మ వచ్చింది. వచ్చింది అంటే, మధ్యాహ్నం వీధి మొదట్లో కనబడి సాయంత్రానికి చేరింది. చుట్టుపక్కల చెరువులన్నిటికీ సంబంధాలు కుదిర్చేది ఆవిడే.

సంగతంతా విని పేరమ్మ మెడ ఇంకాస్త బయటికి చాచింది. "మీ పందికొక్కులకు లోకం తెలీదమ్మా. కప్పను నీళ్లెక్కడ అని అడుగుతారా ఎవరన్నా?"

"మరేం అడగాలవ్వా?"

"సంబంధం అడగాలి. కొడుకు పెళ్లి పెట్టుకున్న తండ్రి ఇల్లు దాచుకుంటాడా ఎక్కడన్నా?"

"లేని పెళ్లికూతురు పేరు చెప్పి మోసం చేస్తావా అవ్వా?"

"నా నోట అబద్ధం రాదు. ఏటి మడుగులో మా పక్కింటి పిల్ల పచ్చమ్మ ఉంది. నడివేసవిలో కూడా తడి ఆరని ఇంటికే కోడలినవుతానని భీష్మించుకు కూర్చుంది. వెతకాలి కదా మరి."

తొట్టి కిందనుంచి సన్నటి గొంతొకటి వచ్చింది. అక్కడుండే బుడ్డయ్య అనే కప్ప. "మనకు తడీ లేదు, పొడీ లేదు అవ్వా. నన్ను లెక్కలో వేయకు."

"నిజం చెప్పావు నాయనా, గుర్తు పెట్టుకుంటాను" అని పేరమ్మ కదిలింది.

మొదట లేళ్ల వీధి మలుపులో ఉబ్బయ్య ఇంటికి పోయింది.

"ఉబ్బయ్యా, మీవాడికి సంబంధం తెచ్చాను. ఇల్లూవాకిలీ ఎలా ఉంది?"

ఉబ్బయ్య అలవాటు కొద్దీ, "మాకేముందవ్వా, ఎండిన మట్టి" అన్నాడు.

లోపల్నుంచి భార్య గయ్యిమంది. "సంబంధం గుమ్మంలోకి వస్తే ఎండిన మట్టి అంటావేమయ్యా? నీ కొడుకు నీలాగే నోరు మూసుకుని ముసలాడవ్వాలా?"

ఉబ్బయ్య అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. పొట్ట మాత్రం పెంచాడు. "చెప్పకూడదు గానీ అవ్వా, ఈ పలక పక్కకు తీసి చూడు. నడివేసవిలో మోకాటి లోతు నీళ్లు."

"ఎవరి మోకాలు?"

"మా మోకాలే."

"ఎక్కడివి నాయనా?"

"గొట్టం అతుకు లక్క ఊడింది. మా తాతల నాడే ఊడింది. తరతరాలు కూర్చుని తడవచ్చు."

"బంగారంలాంటి ఇల్లు. మరి చూపులకొచ్చే పిల్ల దారి తప్పకుండా గుమ్మానికి మామిడాకు తోరణం కట్టండి. శుభకార్యం కదా."

అంతే. ఒక్క తోరణం లేచిందో లేదో పక్కింటి కప్పలకు నిద్ర పట్టలేదు.

"వాళ్లది ఒట్టి చుక్కల ఇల్లవ్వా, మాది ధార" అన్నాడొకడు.

"ధారేం గొప్ప? మాకు ధారా ఉంది, పాట కూడా పాడుతుంది. గొట్టానికి చెవి ఆనించి విను, సుయ్యి అంటుంది" అన్నాడు ఇంకొకడు.

"మాది ఏకంగా చిమ్ముతుంది. కోడలు స్నానానికి కదలక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు" అంది ఒక అత్తగారు, ఇంకా రాని కోడలి మీద అప్పుడే జాలిపడుతూ.

వీధి వీధినా తోరణాలు లేచాయి. ఒకరు ఒక వరుస కడితే పక్కవాళ్లు రెండు కట్టారు. ఒక కప్పకు మామిడాకు దొరక్క వేపమండ కట్టి, "మాది ఆరోగ్యమైన తడి" అని చెప్పుకుంది.

నంగన్న ఇది చూసి పరుగున వచ్చాడు. "నోరు మూసుకోమన్నాను కదరా వెర్రి మొహాల్లారా."

"నీళ్ల మాట మేమెత్తలేదయ్యా, పెళ్లి మాటే మాట్లాడాం" అన్నాయి కప్పలు.

నక్క కాసేపు ఆలోచించి నవ్వుకున్నాడు. పేరమ్మ ఇవన్నీ పంచాయితీకి చెప్పాలంటే అక్కడిదాకా నడవాలి. ఆమె నడిచేసరికి సంత అయిపోతుంది, వానలు వెలుస్తాయి, ఇంకో ఎండాకాలం వస్తుంది. భయం దేనికి?

అంతలో పేరమ్మే ఎదురైంది. "నాయనా నంగన్నా, సంబంధాలు చాలా వచ్చాయి. పెళ్లివారికి విడిది కావాలి. ఏనుగయ్యగారి పెరట్లో నీళ్లు బాగుంటాయంటున్నారు. విడిది ఇచ్చినవాళ్లకు మొదటి విస్తరి వేస్తారు కదా, ఆయనకే వేస్తాం."

విస్తరి మాట వినగానే నక్క నోరు ఊరింది. ఏనుగు పేరు వినగానే ఒళ్లు మండింది. "ఏనుగు పెరట్లో ఏముంది, బురద. విడిది అంటే ఎలా ఉండాలో చూపిస్తాను రా" అని తన ముళ్లకంచె తీశాడు.

లోపల కొలనే ఉంది. అందులో ఎండ్రకాయలు గట్లు పట్టి తిరుగుతున్నాయి. నంగన్నకు ఎండ్రకాయలంటే ప్రాణం.

"ఇన్ని నీళ్లెలా వచ్చాయి నాయనా?"

"కప్పలు ఊడిన అతుకులు ఏరుకుని బతుకుతాయి. నేను అలా కాదు. ఈ వేసవిలో పెద్ద గొట్టానికే పన్ను దించాను."

"ఎంత పన్ను, ఎంత పన్ను" అని పేరమ్మ ఆశ్చర్యపోయింది. "అయితే తోరణం నువ్వే కట్టు. నాకు అంత ఎత్తు అందదు."

నక్క తోరణం కట్టాడు. తక్కువైందనిపించి రెండు అరటి చెట్లు కూడా నిలబెట్టాడు.

సంత రోజు వచ్చింది. పేరమ్మ ఇంకా దారిలోనే ఉంది. నంగన్న బండ ముందు నిలబడి, "కారే చోటు ఎక్కడా దొరకలేదయ్యగారూ. చివరి వీధి కుళాయి తీసేయమంటారా?" అన్నాడు.

ఏనుగు బండ మీదనుంచి పట్నం వైపు చూశాడు. అంత ఎత్తునుంచి చూస్తే గొట్టం పోయిన దారి పొడుగునా ఆకుపచ్చ తోరణాలు వరసగా ఊగుతున్నాయి.

"అవేమిటి?"

మూటమ్మ ముందుకొచ్చింది. "పెళ్లికొడుకుల ఇళ్లయ్యగారూ. నడివేసవిలోనూ తడి ఆరని ఇళ్లు."

"ఆ అరటి చెట్లున్న ఇల్లు? అన్నిటికంటే పెద్ద తోరణం?"

అంతా నక్క వైపు చూశారు. నక్క తన తోక వైపు చూసుకున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ ఇంటి దొంగే గుమ్మానికి తోరణం కట్టుకున్నాడు.

పందికొక్కుల దండు కదిలింది. తోరణం కనబడినచోటల్లా తవ్వడం, నార చుట్టడం, లక్క పూయడం. నక్క పన్ను దించినచోట గొట్టమే మార్చారు. కొలను ఇంకేసరికి ఎండ్రకాయలకు కోపం వచ్చి, దొరికిన తోకను దొరికినట్టు పట్టుకున్నాయి.

చివరి వీధిలో అంతా కుళాయి చుట్టూ మూగారు. ముందు గాలి వచ్చింది. తర్వాత తుమ్ము. తర్వాత చీమ. మూటమ్మ కళ్లు మూసుకుంది. చీమ వెనక్కి తిరిగి చూసి ఒక్క దూకు దూకింది. దాని వెనకే నీళ్లు భళ్లున పడ్డాయి. మూటమ్మ కడుపారా తాగింది. పిల్ల బెదిరి, జారి, లేచి, మొదటిసారి నాలుగు కాళ్ల మీద నిలబడి తొట్టిలో మూతి పెట్టింది. తాగింది తక్కువ, చిమ్మింది ఎక్కువ.

ఆ చిమ్మిన నీళ్లన్నీ తొట్టి కిందికి చేరాయి. ఏటి మడుగునుంచి పచ్చమ్మ గెంతుతూ వచ్చి ఇల్లిల్లూ చూసింది. ఎక్కడ చూసినా ఎండిన తోరణాలు, ఎండిన గుమ్మాలు. చివరికి బుడ్డయ్య ఇంట్లో కాలు పెట్టి, "ఇక్కడ తడి ఎప్పుడైనా ఆరుతుందా?" అని అడిగింది.

"ఆ పిల్లకు పద్ధతిగా తాగడం వచ్చేదాకా ఆరదు" అన్నాడు బుడ్డయ్య.

"గాడిదకు ఎప్పటికొస్తుంది?"

"ఎప్పటికీ రాదు."

పెళ్లి అక్కడే అయింది. ఇళ్లు ఎండిన కప్పలన్నీ ఆ తొట్టి కిందికే కాపురానికి వచ్చాయి, చోటు సరిపోయింది. ఉబ్బయ్య మాత్రం విస్తరి ముందు కూర్చుని, "మా ఇంట్లో అయితే మోకాటి లోతు ఉండేది" అన్నాడు. పేరమ్మ అప్పుడే చేరి, "ఇక్కడా మోకాటి లోతే నాయనా. కాకపోతే గాడిద మోకాలు" అంది.

నంగన్నకు పంచాయితీ కొత్త పని చెప్పింది. రోజూ నేలకు చెవి ఆనించి గొట్టం పొడుగునా నడవాలి, సుయ్యిమన్న చోట చెప్పాలి. మరిచిపోతే గుర్తు చేయడానికి తోకకు ఒక ఎండ్రకాయ ఉండనే ఉంది.

గొట్టం కారితే దాచుకోవచ్చు, గొప్పలు కారే నోటిని దాచుకోలేం.

లింగమ్మక్క ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఆ చీమ దగ్గర నవ్వు ఆపుకోలేకపోయేది. చివరిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు మంచం మీద కళ్లు మూసుకుని ఉంది. పక్కన కూర్చుని, అక్కా, ఆ చీమ సంగతి ఇంకోసారి చెప్పు అన్నాను. చెయ్యెత్తి ఆగమంది, ఏదో వింటున్నట్టు. తర్వాత మెల్లగా, "పెరట్లో కుళాయి కారుతోందే, కట్టేసి వచ్చి కూర్చో" అంది.